సువార్తత్త ఇంట్లో పనుంది

వెలుగు తదియ

రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను. నేల కింద బతికేవాళ్ళకి మనసులో మాటలు పేరుకుపోయి జబ్బు చేస్తుందట. పెద్దవాళ్ళందరూ రోజూ నాలుగు ముక్కలు రాసుకోవాలని ఆరోగ్య కేంద్రం వాళ్ళ హుకుం. ఎవరూ చదవరని మాటిచ్చారు. అయితే ఉన్నదున్నట్టే రాస్తాను. పక్కింటి సువార్తని చూస్తే నాకు ఒళ్ళు మండుతోంది.

చంద్రుడి మీద మాకు పదిహేను రోజులు పగలు, పదిహేను రోజులు రాత్రి. పైన ఎండ మొదలై మూడు రోజులైంది, అందుకని ఇవాళ వెలుగు తదియ. ఈ మూడు రోజుల్లో నా కూతురు వల్లి మా ఇంట్లో ఉన్నది తినడానికీ పడుకోవడానికీ మాత్రమే. నాలుగేళ్ళ పిల్ల. కళ్ళు తెరవగానే "సువార్తత్త ఇంట్లో పనుందమ్మా" అంటుంది. చెప్పులైనా వేసుకోకుండా వీధి సొరంగంలోకి గెంతుతుంది. ఇక్కడ ఒంటి బరువు తక్కువ కదా, నాలుగు గెంతుల్లో పక్కింటి గడప దాటేస్తుంది. నేను పిలిచేలోపు లోపల ఉంటుంది.

పనట! మా ఇంట్లో ఆ మాట వినపడి ఎన్నాళ్ళయిందో. గదిగదికీ ఇంటి పనంతా చేసిపెట్టే యంత్రాలు, గోడ చేతులున్నాయి. కంచం కింద పెట్టేలోపు గోడలోంచి సన్నటి చెయ్యి చాచుకుని వచ్చి పట్టుకుపోతుంది. దుమ్ము నేలని తాకకముందే ఇంకో చెయ్యి పీల్చేస్తుంది. మా ఆయన గిరిధర్ మంచు గనిలో పెద్ద మేస్త్రీ అయినప్పుడు ఈ కొత్త రకం చేతులు ఇచ్చారు. వీధిలో మాకే ముందు. అందరూ వచ్చి చూసి వెళ్ళారు. సువార్త కూడా వచ్చి "బాగుండాయమ్మా" అంది. ఆ రోజు నా కాళ్ళు నేల మీద లేవు.

ఇప్పుడు ఆవిడ ఇంట్లో పాత రకం చేతులు చెడిపోయి రెండు నెలలు దాటింది. బాగుచేయించుకోదు. తనే ఊడ్చుకుంటుంది, తనే తోముకుంటుంది. వీధిలో పిల్లలంతా అక్కడే.

వెలుగు పంచమి

ఇవాళ వెళ్ళి చూశాను. ఉప్పు కోసమన్నట్టు గిన్నె పట్టుకుని వెళ్ళాను. మా ఇంట్లో ఉప్పు అయిపోవడమన్నది ఉండదని ఆవిడకీ తెలుసు, అయినా ఏమీ అనకుండా పోసింది.

ఆ ఇల్లు ఇల్లులా లేదు. ఎదురింటి కవలలు తడిగుడ్డలతో, బూట్లకంటుకుని వచ్చిన చంద్రుడి బూడిద తుడుస్తున్నారు. తుడవడమంటే ఈ మూల బూడిద ఆ మూలకి చేర్చడం. ఇంకో బుడతడు స్టీలు గ్లాసు ఒక్కటే పట్టుకుని తోమినదే తోముతున్నాడు. మా వల్లి మధ్యలో చతికిలబడి గోంగూర ఆకు తుంచుతోంది. భుజం మీద ఒక మసిగుడ్డ. నాలుక కొంచెం బయటపెట్టి, కనుబొమలు ముడిచి, ఒక్కో ఆకూ చూసి చూసి గిన్నెలో వేస్తోంది. నా కూతురి ముఖంలో అంత శ్రద్ధ నేనెప్పుడూ చూడలేదు. నా దగ్గర ఎప్పుడూ పెట్టని ముఖం అది.

సువార్త యాభై ఏళ్ళ మనిషి. ఊరికి కూరలు పండించే మొక్కల అరల్లో పని, ఒంటికాయ. కుడి భుజం పట్టేసి చెయ్యి పైకి లేవదు, ఎడంచేత్తో జుట్టు ఎలాగో ముడేస్తుంది. ఎప్పుడు చూడు ఆ తల పిచ్చుక గూడే. ఇలాంటి మనిషిలో నా పిల్లకి ఏం కనపడిందో!

"రామ్మా ప్రసూనా, కూసో. నీ కూతురు లేకపోతే ఇయ్యాల నాకు పచ్చడే లేదు" అంది.

"ఆకుల్లో పుల్లలన్నీ కలిపేసిందక్కా. మళ్ళీ మీరే ఏరుకోవాలి."

"ఏరుకుంటాలే. దాందేముంది."

వల్లి తలెత్తకుండానే అంది: "అమ్మా, మాట్లాడించకు. నాకు పనుంది."

మాట మార్చడానికి, చేతులు ఎందుకు బాగుచేయించుకోరని అడిగాను. సువార్త పిల్లల వైపు చూసి గొంతు తగ్గించింది. "అయ్యి చెడిపోయినకాణ్ణించే గదమ్మా నా ఇంటికి మనుషులొస్తుండేది. అంతకుముందు నాలుగేళ్ళుగా ఈ ఈదిలోనే ఉండా. నా గడప ఎవరు తొక్కారు?"

నేను ఉప్పు గిన్నెతో తిరిగొచ్చాను. వల్లిని రమ్మన్నాను, రాలేదు.

వెలుగు అష్టమి

ఆవిడ ఇంట్లో చెత్త ఉంది, మా ఇంట్లో లేదు. అంతే కదా తేడా. అయితే చెత్త చేద్దామనుకున్నాను.

పొద్దున వల్లి లేచేసరికి మినప్పప్పు డబ్బా పట్టుకుని నిలబడ్డాను. "అయ్యో, జారిపోయిందే!" అంటూ వంచాను. ఇక్కడ ఏదైనా నింపాదిగా పడుతుంది. పప్పు గాల్లో తేలుతూ దిగుతోంది. దాన్ని చూసి వల్లి కళ్ళు మెరిశాయి, వంగి దోసిలి పట్టింది. అంతలో నాలుగు గోడల్లోంచీ చేతులు చాచుకొచ్చి ఒక్క గింజ కూడా నేల తాకనివ్వకుండా పట్టేసుకుని, డబ్బాలో పోసి, మూత పెట్టి, అలమరలో సర్దేశాయి. పిల్ల దోసిలి ఖాళీగా ఉండిపోయింది.

చేతుల్ని ఆపేద్దామంటే కుదరదు. దుమ్ము పేరుకుంటే గాలి గొట్టాలు మూసుకుపోతాయని ఊరి కట్టుబాటు. పనిచేస్తున్న చేతుల్ని ఎవరూ ఆపకూడదు.

వల్లి నా ముఖంలోకి చూసింది. "నువ్వే పోశావు కదూ?"

"నువ్వు ఎత్తుతావని పోశానమ్మా."

"అది పని కాదమ్మా," అంది. కోపంగా కాదు, తెలియనివాళ్ళకి చెప్పినట్టు చెప్పింది. చెప్పి వెళ్ళిపోయింది, ఎక్కడికో వేరే చెప్పాలా?

వెలుగు దశమి

జడ వేసుకుంటూ గిరిధర్‌తో అంతా చెప్పాను. నా జుట్టు మోకాళ్ళ దాకా ఉంటుంది. నా ఇంట్లో నేను నా చేత్తో చేసుకునే పని ఈ జడ ఒక్కటే. గోడ చేతులు మనిషి ఒంటిని తాకవు. మొదట్లో ఎక్కడో ఎవరి జుట్టో ఇరుక్కుని పెద్ద గొడవైందట, అప్పట్నించి మనుషులకి దూరంగా ఉండేలా చేశారు.

ఆయన పడీపడీ నవ్వారు. "కుళ్ళు కాకపోతే ఏంటే ఇది! పిల్లది పక్కింట్లో నాలుగు ఆకులు తుంచితే నీ సొమ్మేం పోయింది?"

"కుళ్ళేం కాదు. ఆ ఇంట్లో ఎంత దుమ్ముందో మీకు తెలీదు. పిల్లలు ఆ గాలి పీలుస్తున్నారు."

"మరి మన గంట మోగలేదేం? దుమ్ము ఎక్కువైతే వీధి గంట మోగుద్ది కదా."

మోగలేదు. సువార్త చీపురుతో అంత శుభ్రంగా ఊడుస్తుంది మరి. అది కూడా నాకు కంటగింపే.

మధ్యాహ్నం వల్లి అన్నానికొచ్చి గబగబా మింగుతోంది. నెమ్మదిగా తినమన్నాను. "అత్తకి చెయ్యి లేవదమ్మా. పై అర తుడవాలంటే కవలలు నన్ను ఎత్తి పట్టుకుంటారు. నేను లేకపోతే అవదు" అంది. ముద్ద నోట్లో ఉండగానే, "నీకు నేను లేకపోయినా అన్నీ అయిపోతాయిగా" అంది. దెప్పలేదు. ఉన్నమాట చెప్పింది, అంతే.

అది వెళ్ళాక మరమ్మతు విభాగానికి చెప్పాను. పక్కింట్లో చేతులు పనిచేయట్లేదని, పాపం ఆవిడకి భుజం నొప్పి అని, ఒంటరి మనిషి అని. గొంతులో ఎంత జాలి పలికించానో నాకే ఆశ్చర్యం వేసింది.

వెలుగు చతుర్దశి

వచ్చారు, బాగుచేశారు, వెళ్ళారు. ఒక్క పూటలో అయిపోయింది. మాకున్న రకమే పెట్టారు.

నేను గడపలో నిలబడి చూస్తూనే ఉన్నాను. పిల్లలు లోపలికి వెళ్ళారు. ఒకడు గ్లాసు అందుకోబోతే గోడ చెయ్యి ముందే లాక్కుంది. కవలల చేతుల్లోంచి తడిగుడ్డలు వాటంతటవే వెళ్ళిపోయాయి. కాసేపు అటూ ఇటూ తచ్చాడి, ఒక్కొక్కరే బయటికొచ్చేశారు. ఆఖరున వల్లి వచ్చింది. భుజం మీద మసిగుడ్డ లేదు.

సువార్త గుమ్మం దాకా వచ్చింది. తన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ఒకసారి కొంగు సవరించుకుంది, ఒకసారి తలుపు పట్టుకుంది. "ఎవరో మంచోళ్ళు చెప్పారంట ప్రసూనా, నా నొప్పి చూసి" అంది నాతో.

"మంచిదేగా అక్కా" అన్నాను.

వల్లి చెయ్యి పట్టుకుని ఇంట్లోకి తెచ్చుకున్నాను. గెలిచాననిపించింది. రాయమన్నారుగా, రాస్తున్నాను. నాకు చాలా సంతోషంగా ఉంది.

చీకటి విదియ

పైన చీకటి పడింది. వల్లి మూడు రోజులుగా ఇంట్లోనే ఉంది. నేను కోరుకున్నదే.

నిన్నంతా గోడ చేతులతో పందెం వేసింది. అన్నం మెతుకు జారితే చెయ్యి కంటే ముందు ఎత్తాలని ఎగబడింది. ఒక్కసారి కూడా గెలవలేదు. పక్క దుప్పటి మడతపెట్టాలని ఒక కొస పట్టుకుంటే చేతులు మిగతా మూడు కొసలూ పట్టి, మడిచి, దాని చేతిలోది కూడా మెల్లగా లాక్కున్నాయి. పిల్ల ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు.

ఇవాళ పొద్దున పాల గ్లాసు తన్నింది. కావాలనే తన్నిందో, చూసుకోలేదో. కనీసం వంగి చూడలేదు. చేతులు వచ్చి తుడుచుకుపోయాయి. అది సోఫాలో కూర్చుని గోడకేసి చూస్తోంది. నేను ఈ పక్క కుర్చీలో కూర్చుని నా ఉద్యోగం చేసుకుంటున్నాను, తెర మీద ఊరి గాలి లెక్కలు చూడటమే కదా, కదలక్కర్లేదు. తలెత్తి చూస్తే ఇద్దరం ఒకేలా కూర్చున్నాం. నాలుగేళ్ళ పిల్ల అచ్చం నాలా కూర్చుంది.

"ఆడుకోవే" అన్నాను.

"ఆడుకున్నాను" అంది.

చీకటి పంచమి

మూడు రోజులుగా సరిగా తినడం లేదు. గిరిధర్‌ నవ్వడం మానేశారు.

ఇవాళ ఆయన గనికి వెళ్ళగానే వంటగదిలో చేతుల్ని పాడుచేయాలని చూశాను. గోంగూర పులుసు తెచ్చి ఒక చేతి కీలులో పోశాను. అది తనని తానే కడుక్కుంది. గరిటె దూర్చాను. గరిటె కడిగి, తుడిచి, తగిలించింది. నాకు వెర్రి ఆవేశం వచ్చి, దాన్ని రెండు చేతులా పట్టుకుని గోడలోంచి పెరికేయబోయాను. మనిషిని తాకకూడదు కదా, అది చటుక్కున లోపలికి ముడుచుకుపోయింది. పట్టు తప్పి నేను వెనక్కి ఎగిరి గోడకి కొట్టుకున్నాను. కుడి మణికట్టు బెణికింది.

వైద్యుడు కట్టు కట్టి వారం పాటు కదపవద్దన్నాడు. ఎలా తగిలిందంటే జారిపడ్డానని చెప్పాను.

చీకటి షష్ఠి

పొద్దున జడ విప్పుకున్నాను కానీ దువ్వుకోలేకపోయాను. ఎడంచేత్తో దువ్వెన ఆడలేదు. మోకాళ్ళ దాకా జుట్టు, ఇక్కడి తక్కువ బరువుకి పైకి లేస్తూ ముఖమంతా కప్పేసింది. చిరాకులో దువ్వెన విసిరికొట్టాను. చేతులు దాన్ని తీసి బల్ల మీద పెట్టాయి, అంతకు మించి దగ్గరికి రాలేదు.

సోఫాలోంచి వల్లి లేచింది. దువ్వెన తీసుకుంది. "ఇటు తిరుగు" అంది.

పిల్ల కుర్చీ ఎక్కి నా వెనక నిలబడింది. కుదుళ్ళ దగ్గర్నించి ఒకటే లాగుడు, ప్రాణం పోయింది. "నొప్పిగా ఉందా?" అంటే "లేదు" అన్నాను. "ఉంటే చెప్పాలి, లేకపోతే నాకెలా తెలుస్తుంది?" అని కసిరింది. పూటంతా పట్టింది. చివరికి జడ అని తను అనుకున్నది ఒకటి వేసింది. అద్దంలో చూసుకుంటే కొబ్బరి పీచులా ఉంది. దాని నాలుక కొస బయటికుంది, కనుబొమలు ముడిచి ఉన్నాయి. ఆ ముఖం ఇన్నాళ్ళకి నా కోసం పెట్టింది.

"రేపు కూడా నేనే వెయ్యాలి. నీకు చెయ్యి బాలేదుగా" అని చెప్పి, అన్నం అడిగి పెట్టించుకుని తింది.

చీకటి నవమి

వీధంతా తెలిసిపోయింది. కవలల తల్లి వచ్చి నా జడ చూసింది, "మా వాళ్ళని కూడా ఓ పాయ దువ్వనివ్వకూడదా?" అని అడిగింది. కుదరదన్నాను. ఆవిడ మూతి ముడుచుకుని వెళ్ళింది. ఇప్పుడు కళ్ళలో నిప్పులు పోసుకునే వంతు వాళ్ళది.

వల్లితో వీధిలోకి వెళ్తుంటే సువార్త ఎదురైంది. ఆవిడ తల ఇంకా అలాగే ఉంది, చిక్కులు పడి జడలు కట్టేలా ఉంది. చేతులు బాగుపడినా ఆ జుట్టుని తాకవు. ఆ సంగతి నాకు తట్టింది. తట్టగానే వల్లిని ఇవతలి వైపుకి లాక్కున్నాను, చూడకూడదని.

చీకటి ద్వాదశి

కట్టు విప్పేయవచ్చని వైద్యుడు నిన్ననే చెప్పాడు. నొప్పి లేదు. గదిలోకొచ్చి మళ్ళీ నేనే కట్టుకున్నాను.

పొద్దున వల్లి తల దువ్వుతోంది. దువ్వెన జారింది. ఇక్కడ ఏదైనా నింపాదిగా పడుతుందని చెప్పాను కదా, గోడ చెయ్యి వచ్చేలోపే అలవాటుకొద్దీ నేను పట్టేసుకున్నాను. కట్టున్న చేత్తోనే, గట్టిగా.

వల్లి చాలాసేపు ఆ చేతినే చూసింది. కట్టు కొస పట్టుకుని విప్పింది. నేను అడ్డుచెప్పలేదు. నా మణికట్టు అటూ ఇటూ తిప్పి చూసింది.

"తగ్గిపోయింది."

"కొంచెం ఉందమ్మా."

"లేదు." దువ్వెన బల్ల మీద పెట్టింది. "ఇది కూడా పని కాదమ్మా" అంది. ఈసారి నా ముఖంలోకి చూడలేదు. వెళ్ళి సోఫాలో కూర్చుంది.

పప్పు పారబోసినప్పుడు నాకు ఇంత సిగ్గు వేయలేదు.

అమావాస్య

రెండు రోజులు నాలో నేనే కొట్టుకున్నాను. పంపితే మళ్ళీ ఆవిడదే అయిపోతుంది. పంపకపోతే ఎవరిదీ కాకుండా పోయేలా ఉంది. ఇవాళ పొద్దున వల్లి పాలు కూడా ముట్టలేదు. దాని చేతిలో దువ్వెన పెట్టి, "సువార్తత్తకి చెయ్యి లేవదు. చేతులు బాగైనా ఆమె తల ఎవరూ దువ్వట్లేదు" అన్నాను.

వల్లి గెంతలేదు. "నువ్వు కూడా రా" అంది. వెళ్ళాను.

సువార్త ఇల్లు ఇప్పుడు మా ఇల్లులాగే ఉంది. తళతళలాడుతోంది, ఎక్కడా ఏమీ లేదు. వల్లి ఆమెని నేల మీద కూర్చోబెట్టి ముడి విప్పింది. జుట్టు అట్టకట్టి ఉంది. సువార్త కళ్ళు మూసుకుంది.

నేను నిలబడే చెప్పేశాను. "అక్కా, మరమ్మతు వాళ్ళకి చెప్పింది నేనే. మీ నొప్పి చూసి కాదు. పిల్ల మీ ఇంటికి రావడం చూడలేక."

"తెలుసమ్మా. పక్కింటామె చెప్పిందని ఆ రోజే అన్నారు వాళ్ళు."

"మరి నన్ను ఒక్క మాట కూడా అనలేదేం?"

ఆమె కళ్ళు తెరవలేదు. "అంటే పిల్లని పంపవని."

గుమ్మం దగ్గరే గోడకి ఆనుకుని నిలబడ్డాను. వల్లి నాలుక బయటపెట్టి, కనుబొమలు ముడిచి చిక్కు తీస్తోంది. "నొప్పైతే చెప్పాలి అత్తా" అంటోంది. "చెప్తాలే తల్లీ" అంటోంది ఆమె. ఆ ముఖం మళ్ళీ ఆమెకే పెట్టింది. మంట తగ్గిపోయిందని రాస్తే అబద్ధమవుతుంది. అక్కడ నాకు చేయడానికి ఏమీ లేదు. ఇంటికి వెళ్ళినా ఏమీ లేదు. వెళ్ళిపోదామని గడప మీద కాలు పెట్టాను.

"అమ్మా, ఎక్కడికి?" వల్లి కసిరింది. "ఈ చిక్కు రావట్లేదు. రెండు చేతులూ చాలట్లేదు నాకు. రా, ఇక్కడ గట్టిగా పట్టుకో. కదపకు."

వెళ్ళి పక్కన కూర్చున్నాను. చూపించిన చోట సువార్త జుట్టు పట్టుకున్నాను. గోడలోంచి ఒక చెయ్యి బయటికొచ్చి మా ముగ్గురి దాకా చాచుకుంది, మనుషులున్నారని చూసి వెనక్కి వెళ్ళిపోయింది.

"ఇంకా గట్టిగా," అంది నా కూతురు.

గట్టిగా పట్టుకున్నాను.